డిస్క్ అరిగిందంట, ఆపరేషన్ వద్దన్నారు. కైరోప్రాక్టిక్‌కి పోవచ్చా?

కొండ టాక్సీ (తిరుపతి):

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్లు. పదిహేడేళ్లుగా కొండకి బండి తోలుతున్నాను, మొదట ఓనరు జీపు, ఇప్పుడు సొంత టాక్సీ. రోజుకి మూడు ట్రిప్పులు, బ్రహ్మోత్సవాలప్పుడు లెక్కే ఉండదు. నడుము నొప్పి ఎప్పటి నుంచో ఉంది గానీ రాత్రి బామ్ రాసుకుని పడుకుంటే తెల్లారేసరికి సర్దుకునేది కాబట్టి పట్టించుకోలేదు. రెండు నెలల కిందట పైన బండి ఆపి దిగబోతే ఎడమ పిర్ర నుంచి పిక్క దాకా జివ్వున లాగింది. డోరు పట్టుకుని వంకరగా అలాగే నిలబడిపోయాను, వెనక సీట్లో వాళ్లేమో డిక్కీ తీయమని తొందర పెడుతున్నారు.

ఎంఆర్ఐ తీయిస్తే మల్టీ లెవెల్ డిస్క్ డెసికేషన్, ఎల్4-ఎల్5 డిఫ్యూజ్ బల్జ్, డీజెనరేటివ్ చేంజెస్ అని పెద్ద పెద్ద మాటలు రాశారు. చూపించిన చోట ఆపరేషన్ ఇప్పుడే వద్దు, మాత్రలు వేసుకుని బెల్టు కట్టుకో అని పంపించేశారు, రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు. ఇంటికొస్తే మా అమ్మ పుత్తూరు కట్టు కట్టిద్దాం పద అంటుంది (నాయనకి చెయ్యి విరిగినప్పుడు అక్కడే కట్టిస్తే బాగా అతుక్కుంది, ఆమె నమ్మకం ఆమెది). మా బావమరిదేమో యూట్యూబ్‌లో చూసి ఒక కైరోప్రాక్టిక్ సెంటర్‌కి (చేత్తో వెన్ను నొక్కి, విరిచి చేసే వైద్యం) తీసుకుపోయాడు. వాళ్లు నన్ను నిలబెట్టి చూసి, వెన్నుపూస పక్కకి జరిగింది, దాన్ని లోపలికి సెట్ చేస్తే డిస్క్ మళ్లీ ఉబ్బి మామూలైపోతుంది, 24 సిట్టింగులు, 36 వేలు అన్నారు. ఐదు వేలు అడ్వాన్స్ కట్టేశాను కూడా. ఇప్పుడు రాత్రుళ్లు టెన్షన్. నిజంగా డిస్క్ మళ్లీ ఉబ్బుతుందా? ఆ టక్‌మనే శబ్దం ఎముక సెట్ అయిన శబ్దమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాకాల జంక్షన్:

అన్నా, నాదీ ఇదే కథ, కాకపోతే దాని కింది డిస్క్, ఎల్5-ఎస్1. చిత్తూరులో చూపించుకుని, వేలూరు పోయొచ్చి, చివరికి బెంగళూరులో తమ్ముడింట్లో ఉన్నప్పుడు ఒక కైరోప్రాక్టర్ దగ్గరికి పోయాను. ఆయన అమెరికాలో చదివొచ్చినాయన. మొదటి రోజంతా అడగడమే, ఎప్పుడు లాగుతుంది, ఏ వేలు తిమ్మిరి, దగ్గితే పెరుగుతుందా అని. తర్వాత ఒక బల్ల మీద బోర్లా పడుకోబెట్టాడు. ఆ బల్ల నడుము దగ్గర రెండు ముక్కలుగా ఉంటుంది, ఒక చెయ్యి నా నడుము మీద ఆనించి కాళ్ల వైపు ముక్కని మెల్లగా కిందికి వంచుతాడు, మళ్లీ పైకి తెస్తాడు. ఊయలలో పడుకున్నట్టే ఉంటుంది, టక్కూ లేదు టిక్కూ లేదు. మూడోసారికే వంగి బూటు లేసు కట్టుకోగలిగాను, ఆరుసార్లకి ఆపేశాడు.

కానీ నిజం చెప్పాలి కదా, అదే టైంలో బైకు మానేసి రోజూ సాయంత్రం నడిచాను కూడా. దేనివల్ల తగ్గిందో నాకే తెలీదు. మరుసటేడు మామిడి సీజన్లో క్రేట్లు ఎత్తి మళ్లీ తెచ్చుకున్నాను, అది నా కర్మ. అయితే 24 సిట్టింగులు ముందే అమ్మేవాళ్లని మాత్రం నేను నమ్మను. మూడో సిట్టింగుకి నువ్వు ఎట్లుంటావో తెలీకుండా ఇరవై నాలుగోది ఎట్ల అమ్ముతారు?

ఫిజియో అక్క:

పన్నెండేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. ముందు ఆ రిపోర్టు భయం వదిలించుకోండి అన్నా. డెసికేషన్ అంటే డిస్క్‌లో నీరు తగ్గిందని. రెండు వెన్నుపూసల మధ్య మెత్తలాంటిది డిస్క్, చుట్టూ నార పొరలు, లోపల జిగురు, చిన్న వయసులో ఆ జిగురులో ఎనభై శాతానికి పైగా నీళ్లే. లేత ముంజ ముదిరితే ఎట్ల గట్టిపడుతుందో అట్ల వయసుతో ఇది ఆరిపోతుంది. పెద్దవాళ్ల డిస్క్ లోపలికి రక్తనాళాలు పోవు, పైనా కిందా ఎముక పలకల్లోంచి ఊరిందే దానికి తిండి. అందుకే ఎవరు ఎంత నొక్కినా ముదిరిన ముంజ లేతది కాదు. మళ్లీ ఉబ్బుతుంది అన్న మాట అబద్ధం.

అయితే ఎండిన ప్రతి డిస్కూ నొప్పి పెట్టదు. నొప్పే లేని 3,110 మంది స్కాన్ల మీద 2015లో ఒక సమీక్ష వచ్చింది. ఇరవై ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది, మీ వయసు వాళ్లలో 68 శాతం, ఎనభైల్లో 96 శాతం. మీ వీధిలో బండి తోలే నలుగురికి ఎంఆర్ఐ తీస్తే ముగ్గురికి మీ రిపోర్టే వస్తుందేమో, వాళ్లు హాయిగా తిరుగుతుంటారు.

టక్ శబ్దం కీలు మధ్య ఉన్న ద్రవంలో గ్యాస్ ఖాళీ ఏర్పడినప్పుడు వచ్చేది. వేళ్లు మెటికలు విరుచుకుంటే వచ్చేదీ అదే. ఎముక ఎక్కడికీ జరగలేదు, ఎక్కడా సెట్ కాలేదు. ఈ "జరిగింది, సెట్ చేస్తాం" అన్నది 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్ అనే ఊళ్లో డి.డి. పామర్ ఈ విద్య మొదలుపెట్టినప్పటి మాట. ఆయన వెన్ను సరిచేసి ఒకాయనకి చెవుడు పోగొట్టానని కూడా చెప్పుకున్నాడు.

అట్లని పూర్తిగా తీసిపారేసేదీ కాదు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పికి ఇచ్చిన సూచనల్లో వ్యాయామంతో పాటు చేత్తో చేసే ఈ వెన్ను చికిత్స, మసాజ్ కూడా ఉన్నాయి. ట్రాక్షన్ (బరువులు కట్టి నడుముని లాగడం), నడుము బెల్టు మాత్రం వద్దన్న జాబితాలో ఉన్నాయి. మన ఊళ్లలో మొదట చేతికిచ్చేవి ఆ రెండే! కాకపోతే అది ఫలానా కారణమని తేలని నొప్పికి చెప్పింది, మీకు కాలికి లాగుతోంది కాబట్టి ఉన్నదున్నట్టు మీకు సరిపోదు.

అందుకే ఎక్కడికి పోయే ముందైనా ఇది చేయండి. చెప్పులు విప్పి మడమల మీద పది అడుగులు నడవండి, తర్వాత మునివేళ్ల మీద పది. పడుకుని రెండు కాళ్ల బొటనవేళ్లు పైకి లేపి, ఇంట్లో ఎవరినైనా బొటనవేలితో కిందికి నొక్కమనండి. రెండు వైపులా ఒకే బలం ఉందా చూడండి. తేడా ఉంటే నరం బలహీనపడుతోందని అనుమానించాలి, అప్పుడు వెన్ను విరిపించుకోవడాలు ఆపి మీ తిరుపతిలోనే ఉన్న స్విమ్స్ ఆసుపత్రిలోనో బర్డ్ ఆసుపత్రిలోనో డాక్టరుకి చూపించండి. ఒంటికి (మూత్రం) రాకపోవడం, మలద్వారం చుట్టూ మొద్దుబారడం లాంటివి ఉంటే తెల్లారేదాకా కూడా ఆగకండి, అది ఎమర్జెన్సీ. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్నుకి టీబీ ఏమో చూడాలి, మన దగ్గర అది తక్కువేం కాదు, అట్లాంటి వెన్నుని విరిస్తే అంతే సంగతులు.

రేణిగుంట ప్యాసింజర్:

అక్కా బాగా చెప్పారు. నాదో డౌటు. మా సెలూన్లో కటింగ్ అయ్యాక మెడ పట్టుకుని ఇటు టక్, అటు టక్ అనిపిస్తాడు, దానికి పది రూపాయలు ఎక్స్‌ట్రా. అదీ కైరోప్రాక్టిక్కేనా 😄

ఫిజియో అక్క:

నవ్వులాట కాదు తమ్ముడూ. మెడ వెన్నులోంచి మెదడుకి పోయే రక్తనాళాలు ఉంటాయి, విసురుగా తిప్పితే అరుదుగానే అయినా అవి చీలి పక్షవాతం రావచ్చు. పది రూపాయలు మిగుల్చుకోండి. ఇంకోటి, అమెరికాలో కైరోప్రాక్టర్‌కి నాలుగేళ్ల డాక్టరేట్, ప్రతి రాష్ట్రంలో లైసెన్సు ఉంటాయి. ఇక్కడ ఆ చదువుని అజమాయిషీ చేసే ప్రత్యేక కౌన్సిల్ లేదు, వారం రోజుల కోర్సు చేసినవాళ్లు కూడా బోర్డు పెట్టేస్తున్నారు. ఎక్కడ చదివారని అడగడానికి మొహమాటపడకండి.

కొండ టాక్సీ (తిరుపతి):

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమనుకోవద్దు. అక్క చెప్పినట్టు ఆ రాత్రే హాల్లో మడమల మీద నడిచాను, పిల్లలు పెంగ్విన్ అని నవ్వారు. నడక బాగానే ఉంది. కానీ మా ఆవిడ బొటనవేలు నొక్కినప్పుడు కుడిది గట్టిగా నిలబడింది, ఎడమది మెల్లగా దిగిపోయింది. ఆమె నవ్వడం ఆపేసింది.

పొద్దున్నే ఆసుపత్రి ఓపీలో చూపించాను. ఈసారి డాక్టరు కాలు ఎత్తించి, సుత్తితో మోకాలి మీద కొట్టి చూసి, బలం కొంచెమే తగ్గింది, ఆపరేషన్ తొందర లేదు, ఆరు వారాలు వ్యాయామం చేసి మళ్లీ రా, ఈలోగా ఇంకా తగ్గితే వెంటనే రా అన్నాడు. వెన్ను విరిపించుకోవద్దని గట్టిగా చెప్పాడు. ఫిజియో దగ్గర బోర్లా పడుకుని మోచేతుల మీద లేచేది నేర్పించారు, అది చేస్తే పిక్క దాకా ఉన్న లాగుడు పిర్ర దగ్గరే ఆగిపోతుంది, వింతగా ఉంది. ఇప్పుడు రెండే ట్రిప్పులు, పైకి పోయాక బండి దిగి పది నిమిషాలు నడుస్తున్నాను. సీటు స్పాంజి ఎడమ వైపు గుంటపడి ఉందని కూడా పదిహేడేళ్ల తర్వాత ఇప్పుడే చూశాను, మార్పించాను.

అడ్వాన్స్ ఐదు వేలు మాత్రం ఇవ్వనంటున్నారు. కావాలంటే మీ ఇంట్లో ఇంకెవరైనా వాడుకోవచ్చు సార్ అంట. బావమరిదిని పంపుతానని చెప్పాను.