అప్‌డేట్: 15×70 బైనాక్యులర్స్ తీసుకున్నాను, ట్రైపాడ్ సంగతీ తేలింది

ఆకాశం చూడటానికి 15×70 బైనాక్యులర్స్ మంచివా, 20×80 మంచివా, వాటికి ఎలాంటి ట్రైపాడ్ కావాలి అని అడిగాను కదా (మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో). ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. 15×70 తీసుకున్నాను.

బరువే తేల్చేసింది. 20×80 మామూలు మోడల్స్ కూడా రెండు కిలోలు దాటుతాయి, ఇది కిలోన్నర లోపే. ఫీల్డ్ (ఒకేసారి కనిపించే ఆకాశం వెడల్పు) నాలుగు డిగ్రీలకు పైనే కాబట్టి కృత్తికలు మొత్తం, చుట్టూ ఖాళీతో సహా, ఒకేసారి కనిపిస్తాయి. ఎంత అందంగా ఉంటాయో! గురుడి నాలుగు పెద్ద ఉపగ్రహాలూ చుక్కల్లా తెలుస్తాయి. అయితే ఇవన్నీ ట్రైపాడ్ మీద పెట్టాకే. 15 రెట్లు పెద్దగా చూపించేది మన చేతి వణుకునూ అంతే పెంచుతుంది.

ట్రైపాడ్ కొనేవాళ్లు కాళ్లతో పాటు హెడ్ (పైన బైనాక్యులర్స్ బిగించి తిప్పే భాగం) కూడా చూడండి. నాది ఫ్లూయిడ్ హెడ్ (లోపలి చిక్కటి ద్రవం వల్ల నున్నగా తిరిగేది), మెల్లగా తిప్పినా కుదుపు లేదు. మధ్య కాలమ్ పైకి లేపితే ఊగుతుంది, అందుకే కాళ్లే పొడవు చేస్తున్నాను. ఎల్-అడాప్టర్ (బైనాక్యులర్స్‌ని ట్రైపాడ్‌కి కలిపే L ఆకారపు ముక్క) లోహంది తీసుకోండి, ప్లాస్టిక్‌ది ఈ బరువుకి వంగుతుంది.

మిగిలిన ఇబ్బంది ఒకటే: నడినెత్తిన ఉన్నవి చూడాలంటే మెడ పట్టేస్తోంది. స్ట్రెయిట్ ఐపీస్‌లకి (కన్ను పెట్టే భాగం వంపు లేకుండా నేరుగా ఉండేవాటికి) ఇది తప్పదు. పారలలోగ్రామ్ మౌంట్ (బైనాక్యులర్స్‌ని పొడవాటి చేయి మీద పైకీ కిందికీ కదిలించే స్టాండ్) వాడుతున్నవాళ్లు ఉంటే, కుర్చీలో వెనక్కి వాలి చూడటం నిజంగా సుఖంగా ఉంటుందా చెప్పండి. నా తర్వాతి ఆలోచన అదే.