పట్టు ముక్క మీద కత్తెర పడదు, ప్రార్థన మాత్రం చేస్తున్నాను

ప్రశ్న: బెజవాడ దర్జీ

అందరికీ వందనాలు. మాది విజయవాడ. ఇంట్లోనే ముందుగదిలో మిషను వేసుకుని బ్లౌజులు కుడతాను. దేవుని దయవల్ల పనికి కొదవ లేదు. నా గొడవ వేరే. కోయడానికి చెయ్యి రాదు. కాటన్ అయితే వచ్చిన రోజే కోసేస్తాను. అదే కంచిపట్టు ముక్క, అందులోనూ బార్డరు సరిగ్గా రెండు చేతులకే వచ్చేటట్టు ఉందనుకోండి, ఆది జాకెట్టుతో సహా కవర్లో పెట్టి అల్మారాలో తోసేస్తాను. నాలుగు రోజులకి ఆ కవరు కళ్ళబడకుండా దాని మీద ఇంకో కవరు పెడతాను. ఆవిడొచ్చి అడిగితే "రేపు రండి అక్కా, హుక్కులే మిగిలాయి" అంటాను. హుక్కుల సంగతి దేవుడెరుగు, సుద్దతో గీత కూడా గీసి ఉండను.

మొన్న స్త్రీల కూడికలో పాస్టరమ్మ గారు బైబిల్లోని సామెతలు గ్రంథం 3:28 చదివారు. "ద్రవ్యము నీయొద్ద నుండగా రేపు ఇచ్చెదను పోయి రమ్మని నీ పొరుగువానితో అనవద్దు." అందరూ అప్పుల గురించి అనుకుని తలలూపారు. నాకు అల్మారా గుర్తొచ్చింది.

ప్రార్థన చేసి మొదలుపెడదామని మోకరిస్తాను. గంట ఇట్టే గడిచిపోతుంది, లేచేసరికి పిల్లలు స్కూలు నుంచి వచ్చే టైము. ఇది సోమరితనమేనా? పొద్దున్నే అయిదింటికి లేస్తాను, ఇంటి పని ఒకరి మీద పెట్టను. మరి నేను సోమరిని ఎలా అవుతాను? క్రిస్మస్ ఆర్డర్లు మొదలయ్యాయి. లెంట్‌లో, అంటే ఈస్టరుకు ముందు ఉపవాస దినాల్లో, పెళ్ళిళ్ళు పెట్టుకోరు కదా, అందుకని జనవరిలోనే వరసగా ఉన్నాయి. ఒక పెళ్ళికూతురి తెల్లచీర జాకెట్టు కూడా నా దగ్గరే ఉంది. తలుచుకుంటేనే టెన్షన్. అనుభవమున్నవాళ్ళు చెప్పండి. "సోమరీ, చీమలను చూసి నేర్చుకో" అనే వాక్యం మాత్రం వద్దు, అది మా అత్తగారు రోజూ చెబుతారు.

జవాబు: సండేస్కూలు బ్రదర్

సిస్టర్, మీరు వద్దన్నా చెబుతున్నాను, ఏమనుకోకండి. ఆ చీమల వాక్యం సామెతలు 6:6, అందరం అక్కడే ఆగిపోతాం గానీ అసలు సంగతి 7లో ఉంది. "వాటికి న్యాయాధిపతి లేకున్నను పైవిచారణకర్త లేకున్నను అధిపతి లేకున్నను" అంటాడు. ఇంట్లో మిషను పెట్టుకున్నవాళ్ళకీ అడిగే మేనేజరు ఉండడు. రోజూ సాయంత్రం ఎవరో ఒకరికి "ఇవాళ ఏం కోశానంటే" అని చెప్పే అలవాటు పెట్టుకోండి. అత్తగారు కాకుండా ఇంకెవరైనా అయితే మంచిది.

జవాబు: మిషను అత్తయ్య

అమ్మాయ్, నేను గుంటూరులో టైలరింగ్ క్లాసు నడిపినదాన్ని. ఇప్పుడు కళ్ళు సహకరించక మానేశాను. నీ జబ్బు నాకు తెలుసు. బాగా కుట్టే పిల్లలకే అది ఉండేది. అడ్డదిడ్డంగా కోసేవాళ్ళకి చెడగొడతామన్న భయం ఎక్కడిది?

మత్తయి 25 తియ్యి. యజమాని ఊరెళ్తూ ముగ్గురు దాసులకి తలాంతుల లెక్కన డబ్బు అప్పగిస్తే ఇద్దరు రెట్టింపు చేశారు, ఒకడు పాతిపెట్టాడు. ఆ తలాంతుల ఉపమానం చిన్నప్పటి నుంచీ వింటున్నాం గానీ ఆ ఒక్క తలాంతువాడు ఏమన్నాడో చూడు. "నేను భయపడి వెళ్లి నీ తలాంతును భూమిలో దాచిపెట్టితిని" అన్నాడు. బద్ధకమేసింది అనలేదు. యజమాని మాత్రం వాణ్ణి సోమరి అనే పిలిచాడు. నీ ప్రశ్నకి జవాబు అదేనమ్మా. అయిదింటికి లేచినా సరే, భయపడి దాచినా సరే, అవతలివాళ్ళ చేతికి వస్తువు అందలేదు. అలాగని వాణ్ణి తీసిపారేయడానికీ లేదు. తలాంతంటే 6000 దేనారాలు. దేనారం ఒక రోజు కూలి. ఓ కూలివాడు పదిహేనేళ్ళకు పైగా రెక్కలు ముక్కలు చేసుకుంటే వచ్చే సొమ్ము అది. అంత ఖరీదైనది చేతిలో పెడితే ఎవరికైనా వణుకు పుడుతుంది. వాడికి కాటన్ ముక్క ఇచ్చి ఉంటే ఆ రోజే కోసేసేవాడేమో!

ఆ తర్వాతి మాట ఇంకా ముఖ్యం, ప్రసంగాల్లో అక్కడిదాకా వచ్చేవాళ్ళు తక్కువ. "నువ్వూ వాళ్ళలాగే రెట్టింపు చేయాల్సింది" అని యజమాని అనలేదు. సాహుకారుల దగ్గర వేసినా వడ్డీ వచ్చేది కదా అన్నాడు. పిరికివాడు కూడా చేయగలిగిన పని ఒకటుంది, అదైనా చేయలేదేం అని.

మన పనిలో అది లైనింగు తడపడం. కవరు చేతికి రాగానే, ఆవిడ గుమ్మం దిగకముందే, లైనింగు బకెట్లో వెయ్యి. అందులో చెడిపోయేదేమీ లేదు. ఎటూ తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేయకుండా కుడితే తర్వాత లైనింగు కుంచించుకుపోయి పైనున్న పట్టు ముడతలు పడుతుంది. పైగా తీగ మీద ఆరేసింది అల్మారాలో దాగదు, వచ్చేపోయేటప్పుడు నిన్నే చూస్తుంటుంది. మర్నాడు పట్టు జోలికి పోకు, లైనింగు ఒక్కటే కొయ్యి. పోతే పోయేది మీటరు లైనింగు. దాన్ని ఆది జాకెట్టు మీద పరిచి చంకలు, మెడ సరిచూసుకో. సరిపోయాక పట్టు మీద పెట్టి దాని వెంటే కోసుకుపో. కొలతల భయమంతా లైనింగు మీదే తీరిపోతుంది.

ఇక ప్రార్థన. యెరూషలేము ప్రాకారం కూలి ఉందని పారసీక రాజు కొలువులో ఉన్న నెహెమ్యా విన్నది కిస్లేవు నెలలో. రాజుతో మాట్లాడింది నీసానులో, అంటే సుమారు నాలుగు నెలల తర్వాత. మధ్యలో ఉపవాసాలున్నాడు, ప్రార్థన చేశాడు. కానీ "నీకేం కావాలి" అని రాజు అడిగిన క్షణాన గంట టైమివ్వండి అనలేదు. లోపలే దేవునికి ఒక్క మాట చెప్పుకుని, ఎన్నాళ్ళు పడుతుందో, ఎవరెవరికి ఉత్తరాలు కావాలో, అడవి కాసే ఆసాపు కలప ఇవ్వాలని, అన్నీ చెప్పేశాడు. నెహెమ్యా గ్రంథం రెండో అధ్యాయం చదువు. నీ గంట ప్రార్థన తెల్లారకట్ల చేసుకో. కత్తెర పట్టుకున్నాక ఒక్క మాట చాలు.

జవాబు: వెనక బెంచి

అత్తయ్య గారికి లైనింగు కనిపించింది, నాకు హుక్కులు గుచ్చుకున్నాయి. ఇలాగే "హుక్కులే మిగిలాయి" నమ్మి మా ఆవిడ మా మరదలి పెళ్ళికి పాత జాకెట్టుతో వచ్చింది. ఆ రోజు ఇంట్లో నా పరిస్థితి ఇక్కడ రాయను.

నా ఉద్దేశంలో భయం కంటే ఆ మాటే మిమ్మల్ని ఎక్కువ ఆపుతోంది సిస్టర్. అబద్ధం అమ్ముడుపోతున్నంత కాలం వాయిదా కూడా నడుస్తుంది. మత్తయి 5:37, "మీ మాట అవునంటే అవును కాదంటే కాదు అని యుండవలెను." ఈ రాత్రే ఆ కవర్ల తాలూకు వాళ్ళందరికీ ఫోన్ చేయండి. "ఇంకా కోయలేదు, ఫలానా రోజు ఇస్తాను, కుదరదంటే బట్ట పట్టుకెళ్ళండి" అనండి. ఒకరిద్దరు పట్టుకెళ్తారు, పోనివ్వండి. కొత్తవి ఒప్పుకునేటప్పుడు కూడా తేదీ ఆవిడ చెప్పింది కాదు, మీరు చేయగలిగింది చెప్పండి.

ఇంకో మాట. నిద్ర పట్టక, ఏ పనీ చేయబుద్ధి కాక వారాలు గడుస్తుంటే ప్రార్థనతో పాటు డాక్టరుకీ చెప్పాలి. మీ రాత చూస్తే అలా అనిపించలేదులెండి.

బెజవాడ దర్జీ

అందరికీ వందనాలు. ఫోన్లు చేశాను. ఒకావిడ బాగా తిట్టింది, బట్ట మాత్రం వెనక్కి అడగలేదు. ఇంకొకావిడ "నాకు తెలుసులేమ్మా, కిందటిసారీ హుక్కులే అన్నావు" అంది. లైనింగులన్నీ ఒకేసారి తడిపేశాను, డాబా మీద తీగ చాల్లేదు. అత్తయ్య గారూ, పెళ్ళికూతురి తెల్ల పట్టు ఒక్కటి ఉండిపోయింది. రంగు సుద్ద గీత తర్వాత పోదేమోనని భయం, తెల్ల సుద్ద కనపడదు. ఎలా?

మిషను అత్తయ్య

తెల్లదాని మీద అసలు గీయకు. గీతలన్నీ లైనింగు లోపలివైపు గీసుకో, అది ఒంటికి ఆనేవైపు, పైకి రాదు. లైనింగుని పట్టుకి పొడుగు కుట్లతో దారం వేసి అంటించి, అప్పుడు కొయ్యి. గుండుసూదులు గుచ్చితే పట్టు మీద చిల్లులు కనిపిస్తాయి, కుట్టులోకి పోయే అంచుల్లోనే గుచ్చు. బార్డరు చాలీచాలకుండా ఉంటే ముందు చేతులు పరుచుకో, వెనక భాగం తర్వాత చూసుకోవచ్చు. కింద కొత్త చాప వేసుకో, పిల్లల్ని స్కూలుకి పంపాకే మొదలుపెట్టు.