వీడియో కాల్‌లో బాబు ఊపిరి డాక్టర్‌కి ఎలా చూపించాలి?

ప్రశ్న: మా బాబుకి మెడ దగ్గర ఊపిరి కోసం పెట్టిన ట్రాకియాస్టమీ గొట్టం, పొట్టకి ఫీడింగ్ ట్యూబ్. ఆక్సిజన్ సిలిండర్‌తో ఆసుపత్రికి బయల్దేరడమంటే పెద్ద ప్రయాణమే. స్టెతస్కోప్ పెట్టకుండా వీడియోలో ఏం తెలుస్తుందని టెన్షన్.

జవాబు: మా పాపకీ అదే గొట్టం. చొక్కా తీసి, ఛాతీ మీద వెలుతురు పడేలా పడుకోబెట్టండి. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోందా అన్నది వీడియోలో బాగానే కనిపిస్తుంది. శ్వాసలు పూర్తిగా నిమిషం లెక్కపెట్టండి, పిల్లలు ఒకే లయలో పీల్చరు మరి. చేతులు చల్లగా ఉంటే ఆక్సీమీటర్ తప్పు చూపించొచ్చు. తాజా బరువు కూడా చెప్పండి, చాలా మందుల డోసు దాన్నిబట్టే.

మరొకరు: కఫం రంగు మారితే వెంటనే ఫోటో తీసి పెట్టుకోండి. కాల్ వచ్చేసరికి అంతా మామూలైపోతుంది, చూడండి!

ప్రశ్న అడిగినవారు: పెదవులు నీలంగా మారితే?

జవాబు: అప్పుడు వీడియో మాటే వద్దు. ఒకరు మెడ గొట్టంలోని కఫాన్ని సక్షన్‌తో లాగేస్తుంటే ఇంకొకరు అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి.