'లుక్ ఆఫ్టర్'లో చూపు ఎంత?

మా అక్క కూతురు గ్రూప్స్ కోచింగ్ కోసం అశోక్‌నగర్‌లో ఉంటోంది. మొన్న ఆదివారం ఇంటికొచ్చి తను రాసిన ఇంగ్లిష్ వ్యాసం చూపించింది. "పిన్ని అమ్మమ్మను చూస్తోంది" అనే మాటను "మై ఆంట్ ఈజ్ లుకింగ్ మై గ్రాండ్‌మదర్" అని రాసింది. దాని మీద ఎర్ర ఇంకు గీత. "తెలుగులో సరిగ్గానే ఉంది కదా మామయ్యా, ఇంగ్లిష్‌లో ఎందుకు తప్పయింది?" అంది.

తెలుగులో 'చూడు' ఒక్కటే ఎంత బరువు మోస్తుందో అప్పుడు నాకూ తట్టింది. మా అమ్మ మంచానపడింది. రెండు గంటలకోసారి చెల్లెలి ఫోన్‌లో అలారం మోగుతుంది, లేచి అమ్మను ఇంకో పక్కకు ఒత్తిగిలిస్తుంది. లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. ఇదంతా కలిపి మనం అనేది "చూస్తోంది" అనే. "కొడుకులు చూడట్లేదు" అన్నప్పుడూ అంతే, అక్కడ కళ్ల ఊసే లేదు.

దీనికి 'కొను' చేరితే అర్థం ఇంకా గట్టిపడుతుంది: చూసుకుంటోంది. ఇంగ్లిష్ 'లుక్' ఒంటరిగా ఆ పని చేయలేదు, వెనక 'ఆఫ్టర్' ఉండాల్సిందే. ఆ రెంటినీ విడదీయకూడదు కూడా. 'లుక్ ఆఫ్టర్ హర్' అనాలి, 'లుక్ హర్ ఆఫ్టర్' అనకూడదు. 'లుక్ ఫర్' అయితే వెతకడం. 'టేక్ ఆఫ్టర్' అంటే పోలిక రావడం, దీన్ని సేవ అనుకుని పొరబడేవాళ్లు చాలామంది.

"కాసేపు దుకాణం చూసుకో" అన్నచోట కూడా లుక్ ఆఫ్టర్ చక్కగా సరిపోతుంది. "నీ సంగతి చూసుకుంటా" అని బెదిరించేటప్పుడు మాత్రం పనికిరాదు. అక్కడ 'టేక్ కేర్ ఆఫ్' అంటే నడుస్తుంది.

మా పక్కింటి పెద్దమ్మది సిద్దిపేట. చెల్లెల్ని చూసినప్పుడల్లా "తల్లిని మంచిగ అర్సుకుంటున్నవు బిడ్డా" అంటుంది. నాకు చాలా ఇష్టమైన మాట ఇది. పాత తెలుగులో 'అరయు' అన్నా చూడడమే, అంటే ఈ మాట కూడా చూపులోంచే పుట్టింది.

సాకడం, సాదుడు కూడా ఉన్నాయి గానీ, వాటిని నేను ఎక్కువగా పిల్లల విషయంలోనే విన్నాను. ముసలివాళ్లకు కూడా మీ వైపు వాడతారా? వాడితే ఆ వాక్యం ఉన్నదున్నట్టు రాయండి.