మామిడి జామ్ సీసాలు బయట ఉంచొచ్చా, ఫ్రిజ్‌లోనే పెట్టాలా?

కొత్త గరిటె, తిరుపతి:
మామయ్య వాళ్ళ తోటలో తోతాపురి విరగ్గాసింది. ధర చూస్తే కోత కూలీ కూడా గిట్టదు. అందుకే నిన్న రాత్రి మొదటిసారి జామ్ చేశాను. నాలుగు కిలోల పండ్లకు తొమ్మిది చిన్న సీసాలు వచ్చాయి. వేడిగా నింపి, మూత బిగించి, ఐదు నిమిషాలు తలకిందులుగా పెట్టాను. అలా చేస్తే ఏడాదంతా అల్మారాలో ఉంచొచ్చని ఒక వీడియోలో చెప్పారు. మా అత్తయ్య మాత్రం ఫ్రిజ్‌లోనే పెట్టమంటున్నారు. మా ఫ్రిజ్‌లో దోసె పిండికే చోటు చాలదు. మీరేమంటారు?

చంద్రగిరి అవ్వ:
ఏమ్మా, ఇంత దానికి టెన్షనెందుకు? ఆవకాయ జాడీని ఎవరైనా ఫ్రిజ్‌లో పెడతారా? మేం జామ్ మీద కరిగిన మైనం పోసి, జాడీకి వాసెన కట్టి అటకెక్కించేవాళ్ళం. పైన బూజు కడితే ఆ మేరకు తీసేసి తినేవాళ్ళం. ఇంతవరకు ఎవరికీ ఏమీ కాలేదు.

మదనపల్లె టమోటా:
నేను మూడేళ్ళుగా తలకిందులుగానే పెడుతున్నా. చల్లారాక మూత టక్కుమని లోపలికి పోతుంది. సీల్ పడ్డాక ఇంకేం కావాలి?

పల్ప్ ఫ్యాక్టరీ రిటైర్డ్, చిత్తూరు:
అవ్వా, ఆవకాయకు ఉప్పు, పులుపు, నూనె కాపలా. జామ్‌కు చక్కెర, పులుపు రెండే. వీటిలో ఏది తగ్గినా బూజుకు దారి దొరుకుతుంది. ఫ్యాక్టరీ జామ్‌లో కరిగిన ఘనపదార్థం, అంటే ముఖ్యంగా చక్కెర, 65 శాతానికి తగ్గకూడదు. ఇంట్లో అయితే కిలో గుజ్జుకు ముప్పావు కిలో నుంచి కిలో చక్కెర, చిన్న చెంచాడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి, 105 డిగ్రీలకు వచ్చేదాకా ఉడికించాలి. బాగా పండిన మామిడిలో పులుపు తగ్గిపోతుంది. పులుపు తగ్గేకొద్దీ పెరిగే పీహెచ్ అనే కొలత 4.6 దాటితే గాలి లేని సీసాలో బొట్యులినం అనే ప్రాణాంతకమైన క్రిమి పెరగొచ్చు. నిమ్మ ఉప్పు రుచి కోసమే అనుకుని మానేయకండి.

టమోటా తమ్ముడూ, మూత టక్కుమందంటే లోపల గాలి తగ్గిందని అర్థం, అంతే. మూత కింద మిగిలిన బూజు గింజలు చచ్చాయని కాదు. తిప్పినప్పుడు జామ్ అంచుకు అంటుకుంటే ఆ సీల్ కూడా గట్టిగా ఉండదు. ఇన్నేళ్ళు ఫ్యాక్టరీలో చేసిన నేనే, రిటైరయ్యాక ఇంట్లో ఇలాగే తిప్పి పెట్టాను. పన్నెండు సీసాల్లో మూడింటికి బూజు పట్టింది. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

ఇప్పుడు పైన పావు అంగుళం ఖాళీ వదిలి నింపుతాను. అంచు తుడిచి, కొత్త మూత బిగిస్తాను. గిన్నె అడుగున గుడ్డ వేసి, మూతల మీద అంగుళం నీళ్ళు నిలిచేలా సీసాలు ముంచుతాను. నీళ్ళు తెర్లడం మొదలయ్యాక తిరుపతిలో అయితే పది నిమిషాలు చాలు. చిత్తూరు 300 మీటర్ల ఎత్తు దాటింది కాబట్టి నేను పదిహేను ఉంచుతాను. మదనపల్లె ఇంకా ఎత్తు. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి మరి.

ఇంతకీ అమ్మాయీ, చక్కెర ఎంత వేశావు?

కొత్త గరిటె, తిరుపతి:
కిలో గుజ్జుకు 400 గ్రాములు. ఆయనకు షుగర్ అని తగ్గించాను. నిమ్మ ఉప్పు వేయలేదు.

పల్ప్ ఫ్యాక్టరీ రిటైర్డ్, చిత్తూరు:
అయితే వాదనే లేదు, మీ అత్తయ్య మాటే సరి. ఈ రోజే ఫ్రిజ్‌లో పెట్టేయ్. మూడు వారాల్లో తినగలిగినంత ఉంచుకుని, మిగతాది ప్లాస్టిక్ డబ్బాల్లో కొంచెం ఖాళీ వదిలి ఫ్రీజర్‌లో పెట్టు. గాజు సీసాలతోనే పెడితే పగలొచ్చు. షుగర్ ఉన్నవాళ్ళకు 400 గ్రాములైనా ఎక్కువే, అది వేరే సంగతి.

చంద్రగిరి అవ్వ:
మైనం మానేసి నువ్వు చెప్పినట్టే సీసాలు నీళ్ళలో మరిగిస్తాలే నాయనా. గోరంత బూజు కట్టిందని సీసాడు జామ్ పారేయడానికి మాత్రం నా చేయి రాదు.

పల్ప్ ఫ్యాక్టరీ రిటైర్డ్, చిత్తూరు:
పైకి కనిపించేది గోరంతే అవ్వా. కొన్ని బూజులు చేసే విషం కంటికి కనపడకుండా లోపలిదాకా దిగుతుంది. మనవళ్ళకు మాత్రం పెట్టొద్దు.

కొత్త గరిటె, తిరుపతి:
తొమ్మిదీ లోపల పెట్టేశాను. పిండి ఖాళీ చేయాలి కదా, ఈ పూటా రేపూ మా ఇంట్లో దోసెలే.