పెద్దోడికి ఎల్‌కేజీ బాక్సు, ఏడో నెల పాపకి ఉగ్గు: పొద్దున ఒకే కుక్కర్‌లో కుదురుతాయా?

గాజువాక కోడలు (ప్రశ్న):
బాబుకి నాలుగేళ్లు, 8:15కి స్కూలు ఆటో. పాపకి ఏడో నెల నడుస్తోంది, అన్నప్రాశన అయి మూడు వారాలు. పొద్దున వాడికి టిఫిను, బాక్సు, దీనికి వేరేగా ఉగ్గు అంటే రెండు పొయ్యిలూ చాలట్లేదు. బియ్యం, పెసరపప్పు వేయించి ఆడించిన పిండి మరిగే నీళ్లలో వేయగానే ఉండలు కడుతోంది. నీళ్లు పెంచితే చెంచాలోంచి జారిపోతోంది. చిటికెడు ఉప్పో, కాస్త తేనో లేకపోతే పిల్ల ఎలా తింటుందని అత్తయ్యగారు. పైగా వీడు తన పళ్లెంలో పల్లీలు తీసి చెల్లి నోట్లో పెట్టబోతున్నాడు. కాస్త వివరంగా చెప్పరూ.

వంటింటి లెక్కలు:
అసలు ఆటో వచ్చేలోపే ఇద్దరికీ తినిపించాలని ఎందుకండీ? ఈ వయసులో రోజుకి రెండు మూడుసార్లు పెడితే చాలు, మిగతాది తల్లిపాలే. ఏడింటికి పాలిచ్చేసి, బాబు వెళ్లాక తొమ్మిదింటికి తీరిగ్గా పెట్టండి. సగం గొడవ అక్కడే తీరుతుంది.

ఇక వంట. బాబు బాక్సుకి పప్పన్నం ఎలాగూ కుక్కర్ ఎక్కుతుంది కదా, ఆ గిన్నెల పైనే చిన్న స్టీలు గిన్నె పెట్టండి. రెండు టీస్పూన్ల బియ్యం, ఒక టీస్పూను పెసరపప్పు, బొటనవేలంత క్యారెట్ ముక్క, ముప్పావు టీ గ్లాసు నీళ్లు. మూత వేయకపోతే పొంగి కింది పప్పులో పడుతుంది. అరగంట నానిన బియ్యమైతే నాలుగు కూతలు చాలు. వేడి మీదే గరిటె వెనకతో మెదపాలి, చల్లారితే మెతుకు బిగుస్తుంది. అర టీస్పూను నెయ్యి. మిక్సీ వద్దు: మరీ నునుపుగా అలవాటైతే తర్వాత చిన్న పలుకు తగిలినా ఉమ్మేస్తారు.

ఇడ్లీ రోజు ఇంకా సులువు. పులిసిన పిండిలో ఉప్పు కలిపే ముందే ఒక గరిటె పిండి పక్కకి తీసి, ఒక గుంటలో అదే పోయండి. ఏ వంటైనా ఇదే పద్ధతి, ఉప్పూ కారం తాలింపూ పడకముందే పాప వాటా తీసేయడం.

ఉండలు కట్టేది పిండి తప్పు కాదు. మరిగే నీళ్లు తగలగానే పైపొర ఉడికి జిగురైపోతుంది, లోపలికి నీళ్లు వెళ్లవు. రెండు టేబుల్ స్పూన్ల పిండిని ముందు పావు గ్లాసు చల్లని నీళ్లలో కలిపి, అప్పుడు మరిగే ముప్పావు గ్లాసులో పోస్తూ తిప్పండి. సన్నసెగ మీద ఏడెనిమిది నిమిషాలు. ఈసారి ఆడించినప్పుడు మెత్తని పిండి కాకుండా సన్న రవ్వలా పట్టించండి, ఉండల బాధే ఉండదు.

అంగన్‌వాడీ టీచర్:
పై లెక్కలు బాగున్నాయి. నేను చిక్కదనం గురించి చెప్తాను. చెంచా వంచితే వెంటనే జారిపోకుండా నిలవాలి. పిల్లల పొట్ట చిన్నది, పల్చటి జావ పోస్తే నీళ్లతోనే నిండిపోతుంది. చిక్కగా ఉంటే మింగలేకపోతోందా, మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల పిండి అర టీస్పూను గోరువెచ్చటి ఉగ్గులో కలిపి ఓసారి మరిగించండి. మొలకలో ఉండే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది, నీళ్లు పోయకుండానే పల్చబడుతుంది.

తేనె ఏడాది నిండేదాకా వద్దే వద్దు, నాలిక్కి రాసేంత కూడా. అందులో బొట్యులిజం (కండరాలు చచ్చుబడే జబ్బు) తెచ్చే క్రిముల బీజాలు ఉండొచ్చు, పసిపిల్లల పేగుల్లో అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. మరిగించినా ఆ బీజాలు చావవు. ఉప్పు, పంచదార కూడా ఏడాదిదాకా అక్కర్లేదు. రుచి తెలియని నాలుకకి చప్పదనమూ తెలియదు, ఆ మాట అత్తయ్యగారికి మెల్లిగా చెప్పండి! అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో చక్కెర ఉంటుంది, పైన మళ్లీ వేయకండి.

బియ్యం, పెసరపప్పుతో ఇనుము చాలదు. పుట్టుకతో వచ్చిన నిల్వ ఆరు నెలలకే తరిగిపోతుంది. ఉడికించిన గుడ్డు, మెత్తగా మెదిపిన మాంసం లేదా లివర్, శాకాహారులైతే తోటకూర పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకి ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, 1 మి.లీ. చొప్పున ప్రభుత్వం ఇస్తోంది, ఆశా కార్యకర్తని అడగండి. మీ ఇంట్లో ఇద్దరికీ వస్తుంది. డాక్టరు వేరే ఐరన్ చుక్కలు రాసి ఉంటే రెండూ కలిపి వేయకండి.

రెండో కాన్పు:
పల్లీల మాట తేలిగ్గా తీసుకోవద్దక్కా. గుండు పల్లీ, శనగలు అయిదేళ్ల లోపు ఎవరికీ పెట్టకూడదు, మీ బాబుతో సహా. ఇద్దరికీ దంచిన పొడో, నూరిన ముద్దో. పాపకైతే ఆ ముద్దని ఉగ్గులో బాగా పల్చన చేసి కలపాలి. ద్రాక్ష నిలువునా నాలుగు ముక్కలు.

వాడు పెట్టేది ప్రేమతోనే కాబట్టి "వద్దు" అంటే చాటుగా పెడతాడు. పని అప్పజెప్పండి: బిబ్ కట్టడం, చెంచా అందించడం. "చెల్లి నోట్లో పెట్టేది అమ్మ గిన్నెలోదే" అని ఒకటే రూలు.

పాప గొంతులో ఏదైనా అడ్డుపడి దగ్గుతోంటే దగ్గనివ్వండి. శబ్దం రాక, ఏడవలేకపోతే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పెట్టి, మణికట్టు దగ్గరి అరచేతి గట్టి భాగంతో వీపు మీద భుజాల రెక్కల మధ్య 5 దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఎముక మీద 5 నొక్కులు. మళ్లీ మొదటి నుంచి, ఇంకొకరు 108కి ఫోన్. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది.

గాజువాక కోడలు:
పల్లీల డబ్బా పై అలమరలోకి ఎక్కించేశాను. ఒక్క సందేహం: ఏడింటికే వండి ఫ్లాస్కులో పోస్తే తొమ్మిదింటికి వేడిగా ఉంటుంది కదా, పర్లేదా?

వంటింటి లెక్కలు:
వద్దండీ. ఫ్లాస్కులో ఉగ్గు మెల్లగా గోరువెచ్చనికి దిగుతుంది, అన్నంలో క్రిములు పెరిగేది ఆ వేడిలోనే. పైగా ఆ మూత సందుల్లో జిగురు పట్టి సరిగ్గా కడగలేం. నేను ముందు చెప్పిన ఒకే కుక్కర్ పద్ధతి పాపకి వండిన వెంటనే పెట్టే రోజులకే. తొమ్మిదింటికి పెట్టేట్టయితే పాప గిన్నెకి సరిపడా బియ్యం, పప్పు నానబెట్టి ఉంచుకుని, ఆటో వెళ్లాక రెండో పొయ్యి మీద చిన్న కుక్కర్లో వండేయండి, పావుగంట పని. తిని వదిలేసిన గిన్నెలోది మధ్యాహ్నానికి దాచకండి, చెంచాతో ఎంగిలి కలిసిపోయి ఉంటుంది. అందుకే ముందు రెండు చెంచాలే వేరే గిన్నెలోకి తీసి పెట్టి, కావాలంటే మళ్లీ వేసుకోండి.