ముళ్లతీగ కోస్తాంటే ఎగిరొచ్చి చెంపకు తగిలింది, కటింగ్ ప్లేయర్‌తో సరిగ్గా కోసేది ఎట్లనో చెప్పండి

గార్లదిన్నె చీనీతోట:
అన్నలకు అక్కలకు నమస్తే. మాది గార్లదిన్నె పక్క పల్లె, మూడెకరాల చీనీ (బత్తాయి) తోట. అడవి పందులు రాత్రిళ్లు వచ్చి డ్రిప్పు పైపులు కొరికి పాదులన్నీ పెళ్లగిస్తాండాయని ఈసారి అప్పు చేసైనా సరే అని చుట్టూ రాతి కూసాలు నాటి ముళ్లతీగ ఐదు వరసలు లాగిస్తాండా. కూలోళ్లు ఇద్దరే దొరికినారు, అందుకని తీగ కోసే పని నేనే పెట్టుకున్నా. మొన్న సాయంత్రం మూల కూసం కాడ మూడో వరస వంకర వచ్చిందని, బిగించింది బిగించినట్లే ఉండంగా నడిమధ్యలో ప్లేయర్ పెట్టి నొక్కినా. టప్పుమని తెగింది, నా పక్క కొన గిర్రున తిరిగొచ్చి చెంప మీద ఇంత పొడుగు గీరుకుపోయింది. కంటికి రెండు వేళ్ల కింద. మాయమ్మ రక్తం చూసి ఏడ్చేసింది. టీటీ ఏయించుకున్నా, గాయం మానుతాంది, కానీ ఇంకా రెండు వరసలు ఉండాయి, ఇప్పుడు ప్లేయర్ పట్టుకుంటే చెయ్యి వణుకుతాంది.

ఇంకో సంగతి, అదే ప్లేయర్‌తో పోయిన నెల బండి క్లచ్ వైరు కోసినా, అప్పట్నుంచి కోసే అంచులో చిన్న గాటు పడి తీగ సగం తెగి సగం నలుగుతాంది, నొక్కి నొక్కి అరచేతిలో బొబ్బలు. ఎట్ల కోయాల, ఏ ప్లేయర్ కొనాల, తెలిసినోళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

కంచెపని కడప:
తమ్ముడూ, కన్ను దక్కింది, అదే పదివేలు. నేను ఇరవై ఏళ్లుగా కంచెలు కడతాండా, కడప, పులివెందుల, రాయచోటి పక్కంతా. ప్లేయర్ పదును తగిలి దెబ్బ తిన్నోళ్లను నేను తక్కువే చూసినా, తెగిన కొన తగిలి తిన్నోళ్లే ఎక్కువ. బిగించిన తీగలో మనం లాగిన బలమంతా నిలవుంటాది, ఒక్క చోట తెంపితే అదంతా ఆ రెండు కొనల్లోకే పోతాది. కాబట్టి ప్లేయర్ పెట్టకముందే ఈ కొన యాడికి పోతాది, ఆ కొన యాడికి పోతాది అని చూసుకోవాల.

బిగిసిన వరసను నడిమధ్య కోయనే కోయొద్దు. చైన్ పుల్లీతో బిగించింటే దాన్నే మెల్లగా వదులు చెయ్యి, తీగ జోలాడే దాకా. నడిమి కూసాలకు వేసిన కట్లు మాత్రం అప్పుడే విప్పొద్దు, అవి ఉంటేనే తీగ దూరం ఎగరదు. జోలాడినాక కోసే చోటుకు అటు జానెడు ఇటు జానెడు ఇద్దరు తోలు గ్లౌజులతో గట్టిగా పట్టుకుని కొనలు నేలకేసి వంచి పెట్టాల, మూడో మనిషి కోయాల. నూలు గ్లౌజులు వద్దు, ముల్లు తగులుకుందంటే గ్లౌజుతో పాటు చెయ్యి కూడా లాక్కుపోతాది. ఒక్కడివే ఉంటే ఒక కొనను ముందే కూసానికి కట్టేసి, రెండో కొనను బూటు కింద తొక్కిపెట్టి కొయ్యి.

ముళ్లతీగలో రెండు పేటలు మెలేసి ఉంటాయి కదా, రెండూ ఒకేసారి నొక్కొద్దు. ముందు ఒక పేట తెంపు. అది తెగంగానే దాని రెండు కొనలు ఎడంగా జరిగినాయంటే లోపల ఇంకా బిగువుందని అర్థం, ఆడికే ఆగి ఇంకొంచెం వదులు చెయ్యి. కదలకుండా అట్లే ఉంటే రెండో పేట తెంపు. ఈ ఒక్క అలవాటు నన్ను శానాసార్లు కాపాడింది.

కొత్త చుట్ట విప్పేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. చుట్ట చుట్టూ వేసిన కట్టు తెంపంగానే లోపలి తీగ స్ప్రింగు మాదిరి విచ్చుకుంటాది, మొహం దాని పైన పెట్టకుండా పక్కనుంచి తెంపు. గ్రైండింగ్ పనోళ్లు పెట్టుకునే, అద్దం తెల్లగా కనపడే గాగుల్స్ తక్కువకే వస్తాయి, అవి లేకుండా రేపు తోటలోకి పోవద్దు.

పాతూరు హార్డ్‌వేర్:
కడప అన్న చెప్పింది నూటికి నూరు కరెక్ట్. నేను పనిముట్టు సంగతి చెప్తా. అనంతపురంలో మాది హార్డ్‌వేర్ షాపే, అంచు పోయిన ప్లేయర్లు తెచ్చి మార్చివ్వమని అడిగేటోళ్లు రోజుకొకరు వస్తారు, అడిగితే క్లచ్ వైరో, స్ప్రింగో, కాంక్రీటు మేకో కోసింటారు. అవి గట్టి ఉక్కు బ్రదర్, మామూలు ప్లేయర్ అంచు వాటికి తట్టుకోదు. ఒక్కోసారి అంచే ముక్క విరిగి ఎగురుతాది. అనుమానం ఉంటే తీగ మీద ఆకురాయితో ఒక్క గీటు గీసి చూడండి, రాయి పట్టకుండా జారిపోతాంటే దాన్ని ప్లేయర్‌తో ముట్టొద్దు, బోల్ట్ కట్టర్ కావాల. క్లచ్ వైరుకు కేబుల్ కట్టర్ అని వేరేగా దొరుకుతాది.

గేజ్ నంబర్ పెరిగే కొద్దీ తీగ సన్నం, ఇది శానామంది తిరగేసి అనుకుంటారు. 12 గేజ్ అంటే సుమారు 2.6 మిల్లీమీటర్లు, 8 గేజ్ అంటే 4 మిల్లీమీటర్లు. ముళ్లతీగ మామూలుగా 12, 14 గేజ్‌లో వస్తాది, దానికి మంచి ఎనిమిదించుల ప్లేయర్ చాలు, ఆరించులది తీసుకుంటే పిడి పొట్టిగా ఉండి బలమంతా మీ చేతి మీదే పడతాది, మీకు బొబ్బలు అందుకే వచ్చింటాయి. తీగను ప్లేయర్ మొనలో పెట్టొద్దు, లోపలికంటా, రెండు పిడులను కలిపే రివిట్ పక్కన ఉండే కోసే అంచులోకి తోయండి. కత్తెరతో గుడ్డ కోసినట్లే, లోపలికి పోయే కొద్దీ తక్కువ బలం సరిపోతాది. తీగకు అడ్డంగా నిటారుగా పట్టి ఒకే నొక్కు, పక్కలకు ఊపొద్దు, మెలి తిప్పొద్దు. ఊపితే అంచు పోతాది, రివిట్ వదులైపోతాది. తెగలేదని పిడి మీద సుత్తితో కొట్టేటోళ్లను చూస్తే నాకు ప్రాణం పోతాది, దయచేసి ఆ పని చేయొద్దు.

8 గేజ్ జీఐ తీగ, అంటే జింకు పూత వేసిన ఇనుప తీగ, తెగకపోతే చుట్టూ తిప్పుకుంటా గాటు పెట్టి, గాటు కాడ ముందుకు వెనక్కు వంచండి, ఐదారు సార్లకు విరుగుతాది. విరిగిన చోట వెంటనే వేలు పెట్టొద్దు, కాలుతాది.

కొనేముందు ప్లేయర్ మూసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి, కోసే అంచుల మధ్య వెలుతురు కనపడితే పక్కన పెట్టేయండి. మీ పాతదాన్ని మేకులు పీకను, కట్టు తీగ మెలి తిప్పను ఉంచుకోండి, కోయడానికి వద్దు.

కరెంటుపని కర్నూలు:
ఒక ముఖ్యమైన మాట ఎవరూ చెప్పలేదు. మీ తోటలో బోరు మోటారు ఉంటాది కదా, కంచె తీగ సర్వీసు వైరుకు యాడన్నా తగుల్తాందేమో కోసేముందు చూడండి. పాత కంచె తెంపే పనైతే ఇంకా జాగ్రత్త, పందుల కోసమని కొందరు కంచెకు నేరుగా కరెంటు పెడతారు, అది నేరం, మనుషులు చచ్చిపోతారు. పక్క తోటోళ్లను అడిగి తెలుసుకున్నాకే ముట్టండి.

ప్లేయర్ పిడికి ఎర్ర రబ్బరు తొడుగు ఉంది, షాక్ కొట్టదు అనుకునేటోళ్లు శానామంది. మామూలు తొడుగు చేతికి పట్టు కోసమే, దాన్ని నమ్మి కరెంటున్న వైరు కోయొద్దు. కరెంటుకు తట్టుకుంటాదని పరీక్ష చేసిన పిడి మీద 1000 వోల్ట్ అని గుర్తేసి ఉంటాది, అది కూడా చిల్లు పడినా చీలినా పనికిరాదు. మోటారు కాడ వైరు కోయాలంటే స్టార్టర్ ఆఫ్ చేస్తే చాలదు, స్టార్టర్ దాకా వచ్చే మూడు ఫేజులూ అట్లే ఉంటాయి, ఫ్యూజులు పీకి జేబులో పెట్టుకోండి. ఇప్పుడు కరెంటు లేదులే అని కోసేటోళ్లే ఎక్కువ దెబ్బ తింటారు, లైను ఎప్పుడొస్తాదో మన చేతిలో ఉండదు.

కోడుమూరు అక్క:
తమ్ముడూ, చదువుతాంటే కడుపులో తిప్పింది. మా మామకు ఇట్లనే తెగిన తీగ కొన కంట్లోకి పోయింది. ఊర్లో ఒకరు ఆముదం వేయమన్నారు, ఇంకొకరు నీళ్లతో బాగా కడగమన్నారు, మా ఆయన ఏదీ వేయనీకుండా పేపరు టీ కప్పు కంటి మీద బోర్లించి, కంటికి ఒత్తుడు పడకుండా అంచులకు టేపు వేసి నేరుగా కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రికి తీసుకుపోయినాడు. రుద్దకుండా, నలపకుండా తెచ్చినారు కాబట్టి చూపు నిలబడిందని ఆడ డాక్టరమ్మ చెప్పింది. గుచ్చుకున్న ముక్క కనపడతాన్నా మీరు పీకొద్దు. కన్ను బాగానే ఉన్నట్లుంది అని ఇంట్లో కూర్చోవద్దు, మసకగా అనిపించినా ఆ రోజే పోయి చూపించుకో.

పశువైద్యం ధర్మవరం:
కోసిన ముక్కలు తోటలో పారేయొద్దు సార్. ఆవులు బర్రెలు మేతతో పాటు తీగ ముక్కలు మింగుతాయి, నమలకుండా మింగే జంతువులు కదా. ఆ ముక్క రెండో పొట్టలో కూర్చుంటాది, ఆ పక్కనే గుండె, గుచ్చుకుని లోపలికి పోతే మేత మానేసి వీపు గూని చేసి నిలబడతాది, అప్పటికి శానా ఆలస్యం అయిపోయింటాది. రెండంగుళాల ముక్క చాలు.

గార్లదిన్నె చీనీతోట:
అన్నలూ, అక్కా, ఎంత చెప్పినా తక్కువే. ఎనిమిదించుల ప్లేయర్, తోలు గ్లౌజులు రెండు జతలు, గాగుల్స్ మూడు తెచ్చినా, కూలోళ్లకు కూడా. ఈరోజు నాలుగో వరసలో ఒక చోట కోయాల్సొచ్చింది. పుల్లీ వదులు చేసి, వాళ్లిద్దరూ పట్టుకున్నాక ఒక పేట తెంపినా, కొనలు వేలెడంత ఎడంగా జరిగినాయి. అప్పుడు అర్థమైంది అన్నా నువ్వు చెప్పింది. మళ్లీ వదులు చేసి రెండోది తెంపితే తీగ అట్లే చేతిలో పడింది, చప్పుడు కూడా లేదు. ముక్కలన్నీ నూనె డబ్బాలో వేయిస్తాండా, మాయమ్మ పొద్దుగూకినాక టార్చిలైటు పట్టుకుని వరస వెంబడి తిరిగి ఇంకా పదకొండు ముక్కలు ఏరుకొచ్చింది. మాకు రెండు బర్రెలుండాయి.

కడప అన్నా, ఐదో వరస మూల కూసం కాడ చివర కట్టేటప్పుడు ఎన్ని చుట్లు వేయాల? మిగిలే కొన బయటికి పొడుచుకుని ఉంటాంది.

కంచెపని కడప:
కూసం చుట్టూ రెండు చుట్లు, తర్వాత అదే తీగ మీద నాలుగైదు మెలికలు. మిగిలిన కొనను వేలి కణుపంత ఉంచి కోసి, ప్లేయర్‌తో కూసం పక్కకు వంచి నొక్కెయ్యి, చీరకో చేతికో తగలకుండా. మూల కూసానికి లోపలి పక్క ఇంకో రాయి ఏటవాలుగా ఆనించినావా? ఆనించకపోతే ఐదో వరస బిగించేముందు ఆ పని చూసుకో.